గంజి పెట్టిన చీటీలు

ఎంపికకు 30 రోజులు

గాలిలో తేమ: పై అంతస్తు 41, నడి అంతస్తు 58, అడుగు అంతస్తు 93. చీటీల కాగితానికి సముద్రపు గడ్డి రెండు బుట్టలు నానబెట్టాను. గంజి ఒక గిన్నె.

బాన పుస్తకంలో రోజూ ఇంతకు మించి రాయక్కరలేదు. నా ముందు బాన కాపరిగా ఉన్నాయన పదేళ్లలో ఒక్క మాట ఎక్కువ రాయలేదు. ఆయన భక్తిపరుడు. నా పేరు ఎస్తేరు రాణి, నాకు నోరు ఆగదు.

కింద వేడి బావిలో తిమోతికి ఇవాళ అరవై ఏడో రోజు. గొట్టాలకు పేరుకునే ఉప్పు గీకుతూ నూరు రోజులు పూర్తి చేస్తే పైకి వస్తాడు. వస్తే, కీళ్లు పట్టేసి జీవితమంతా కుంటుతాడు. ఆ గొట్టాలు మూసుకుపోతే సముద్రంలో కట్టుకున్న మా ఊరు నిలకడలో దీపం వెలగదు, మంచినీళ్లు రావు, పది రోజుల్లో మూడు అంతస్తులూ ఖాళీ. అందుకని ఒకరు పైకి రాగానే ఇంకొకరు దిగాలి. మొదట్లో ఎవరు దిగాలో యంత్రమే చెప్పేదట. ఊపిరి బలమున్న వాళ్ల పేర్లే మళ్లీ మళ్లీ చెబుతోందని జనం దాన్ని పగలగొట్టి, ఈ మట్టి బాన తెచ్చి పెట్టుకున్నారు. ప్రార్థన చేస్తారు, పాస్టరు అయ్యగారు బానలో చెయ్యి పెడతారు, చీటీ మీద ఎవరి పేరుంటే వాళ్లు దిగుతారు. చెయ్యి మనది, తీసేవాడు ఆయన అంటారు.

మూడేళ్ల కిందట నా భర్త జక్రయ్య పేరు వచ్చింది. అరవై ఒకటో రోజున గోనెలో పైకి వచ్చాడు. దేవుడు తీసుకున్నాడని ఊరంతా అంది. ఆ మాట మింగడానికి నాకు రెండేళ్లు పట్టింది. మింగాక మాత్రం కడుపులో నిలిచింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. నెమ్మది అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

ఈ నెలలో నా కూతురు సువార్తకు పద్దెనిమిది నిండుతాయి. ఈసారి దాని చీటీ కూడా బానలో పడుతుంది.

ఎంపికకు 26 రోజులు

తేమ: 40, 58, 94. కొత్త చీటీలు తొమ్మిది.

సువార్త తన పేరు తనే రాసుకుంది. అక్షరాలు వంకర. దాని తండ్రిది కూడా అదే చేతిరాత.

చీటీ ఒక్కసారే రాసుకోవాలి, బతికినంత కాలం అదే. రాశాక ఇంటికి తీసుకెళ్లి పెట్టెలో ఉంచుకుని, ఎంపిక రోజునే తెచ్చి బానలో వేస్తారు. ఇంటి గాలి పీల్చితేగాని చీటీ మనది కాదని పెద్దల మాట. పదేపదే తీసి మడిచే కాగితం చిరిగిపోతుంది కదా, అందుకని పన్నెండేళ్ల కిందట నేనే ఒక ఉపాయం చేశాను: చీటీలకు గంజి పెట్టాను. చీరకు పెట్టినట్టే. చీటీలు బిళ్లల్లా నిలబడ్డాయి. ఆ ఆదివారం అయ్యగారు నా పేరు పెట్టి మరీ స్తోత్రం చెల్లించారు. నాకు ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే ఒళ్లు పొంగుతుంది.

"అమ్మా, ఎప్పుడూ మన అడుగు అంతస్తు వాళ్లే దిగుతారెందుకు?" అని అడిగింది సువార్త, చీటీ పెట్టెలో పెడుతూ.

"మోసేవాడి నెత్తినే బరువు పెడతాడే ఆయన," అంది మా అత్తయ్య సారమ్మ. కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఏడవగా నేను చూడలేదు.

"పై అంతస్తు వాళ్లకి నెత్తులు లేవా నాయనమ్మా?"

దాని నోరు నా నోరే. నేను నవ్వేశాను.

ఎంపికకు 21 రోజులు

తేమ: 41, 57, 95. మరమ్మతుకు వచ్చిన చీటీలు అరవై.

అంచులు అరిగిన చీటీలకు ఎంపిక ముందు మళ్లీ గంజి పట్టించడం ఆనవాయితీ. మూడు అంతస్తుల నుంచీ ఇరవై ఇరవై వచ్చాయి. అన్నీ ఒకే పళ్లెంలో కలిసిపోయాయి. పేర్లు చూసి విడదీద్దామని చెయ్యి పెట్టాను.

మొదటిది అడుగు వాళ్లది. రెండోది అడుగు వాళ్లది. మూడోది వేలికి అంటుకుని తనే పైకి వచ్చింది.

మా ఇళ్లు సముద్రపు మట్టానికి కింద ఉంటాయి. గోడలు ఎప్పుడూ చెమ్మగిల్లుతూనే ఉంటాయి. గంజి పెట్టిన చీర ముసురు రోజున ఎలా జిగటగా తయారవుతుందో ఆడవాళ్లందరికీ తెలుసు. పై అంతస్తు చీటీలు గలగలలాడుతూ వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. మావి మెత్తబడి, బరువెక్కి, వేలిని పట్టుకుంటున్నాయి.

చెయ్యి తుడుచుకున్నాను. కళ్లు మూసుకుని పదిసార్లు తీశాను. ఎనిమిది మావే. మళ్లీ పదిసార్లు తీశాను. తొమ్మిది.

ఎంపికకు 20 రోజులు

తేమ కొలవలేదు. క్షమించండి.

పాత బాన పుస్తకాలు తిరగేశాను. మూడు అంతస్తుల్లోనూ జనం దాదాపు సమానం. గంజికి ముందువి పుస్తకాల్లో మిగిలినవి ఇరవై నాలుగు ఎంపికలు: అడుగు తొమ్మిది, నడి ఎనిమిది, పై ఏడు. గంజి తర్వాత నలభై మూడు ఎంపికలు: అడుగు ముప్పై నాలుగు, నడి ఆరు, పై మూడు.

ముప్పై నాలుగు పేర్లూ బయటికి చదివాను. ఇరవై ఎనిమిదో పేరు జక్రయ్య.

దేవుడు తీసుకున్నాడట. నేను గంజి కాచి, గుడ్డతో వడగట్టి, బ్రష్షుతో రెండు వైపులా పూసి నా మొగుణ్ణి చంపుకున్నాను. దానికి స్తోత్రం కూడా చెప్పించుకున్నాను. దేవుడా, నువ్వు అక్కడ కూర్చుని చూస్తున్నావు కదా, ఒక్కసారి నా గిన్నె తన్నేయడానికి నీకు కాలు రాలేదా?

ఎంపికకు 17 రోజులు

తేమ: 42, 58, 94.

దేవసహాయం అయ్యగారి దగ్గరికి వెళ్లాను. డెబ్భై రెండేళ్ల మనిషి, వేళ్లు ఎండిన చిక్కుడు కాయల్లా ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లే బానలో పెట్టారు. చీటీలు, లెక్క, రెండూ ఆయన ముందు పెట్టాను. కోప్పడతారనుకున్నాను. ఆయన రెండు చీటీలను వేళ్ల మధ్య రుద్ది చూసి, మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"నాకు తెలుసమ్మా," అన్నారు.

"ఏం తెలుసయ్యగారూ?"

"చీటీ అంటుకుంటుందని. వేళ్లు లోపల తిప్పుతుంటే ఒక చీటీ తనంతట తనే వచ్చి వేలిని పట్టుకునేది. అదే ప్రేరణ అనుకున్నానమ్మా. ఆయనే చేతికి అందిస్తున్నాడని. ఇంటికెళ్లి మోకాళ్ల మీద పడి ఏడ్చేవాణ్ణి, నా చేతితో పని చేయించుకుంటున్నాడని."

చీటీలు తిరిగి నా చేతిలో పెట్టారు. తర్వాత అన్నారు, "చెప్పొద్దమ్మా."

"అదేంటయ్యగారూ!"

"కాంతమ్మకి ఇద్దరు కొడుకులు బావిలో పోయారు. ఏ ఆధారంతో బతుకుతోంది ఆమె? ఆయన చిత్తం అన్న ఒక్క మాటతో. ఆ నెమ్మది నీ గంజి గిన్నె మీద నిలబడిందని వెళ్లి చెప్తావా? ఇకనుంచి గంజి మానెయ్యి. జరిగింది ఆయనకే వదిలెయ్."

పాతవి అరవై కాదు, ఆరు వందల చీటీలకు గంజి ఉంది కదా అన్నాను. వాటి సంగతి మెల్లగా చూద్దాం అన్నారు. మెల్లగా అంటే ఇంకో నాలుగు ఎంపికలు. ఆ నాలుగింటిలో నా కూతురు చీటీ జిగట చీటీల్లో ఒకటి.

ఎంపికకు 14 రోజులు

తేమ: 41, 57, 95.

ఇది రాయకపోతే ఎవరికీ తెలియదు. రాస్తున్నాను.

గంజి లేకుండా ఒక చీటీ చేశాను. గవ్వతో రుద్ది నునుపు చేశాను. పొయ్యి పక్కన రెండు రోజులు ఎండబెట్టి, "నీ చీటీ చిరిగింది, మళ్లీ రాయి," అని సువార్త ముందు పెట్టాను.

అది రాసింది. రాసి, వేళ్లతో తడిమింది. "ఇదేంటి ఇట్టా జారిపోతోంది? పాతది తీసుకురా చూద్దాం."

ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. నా నోటికి అన్నీ వచ్చు, అబద్ధం మాత్రం సరిగా రాదు. మొత్తం చెప్పేశాను. తండ్రి సంగతి చెబుతున్నప్పుడు అది నా ముఖం చూడలేదు, చీటీనే చూస్తూ కూర్చుంది.

"అయితే నాది అడుక్కి జారిపోద్ది. మరి లీదియది?" అంది చివరికి.

లీదియ కాంతమ్మకు మిగిలిన ఒక్క కూతురు, దీని స్నేహితురాలు.

"లీదియ సంగతి వాళ్లమ్మ చూసుకుంటుంది."

"వాళ్లమ్మకి తెలిస్తే కదా చూసుకునేది!"

విసురుగా లేచి వెళ్లింది. చీటీ మాత్రం నా దగ్గరే ఉంది. పొయ్యి పక్క నుంచి తీయలేదు. తల్లిని నేను, దేవదూతను కాను.

ఎంపికకు 9 రోజులు

తేమ: 42, 58, 93.

అత్తయ్య చేపలు శుభ్రం చేస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. కత్తి ఆగింది. మళ్లీ కదిలింది.

"అయితే నా కొడుకు చీటీకి గంజి పెట్టింది నువ్వే అన్నమాట."

"అవునత్తయ్యా."

ఇంకో మూడు చేపల పొట్టలు తీసింది. తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది.

"దేవుడు తీసుకున్నాడని నాకు చెప్పింది నువ్వే. అది అబద్ధమేగా అత్తయ్యా?" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"అబద్ధం ఎందుకవుద్ది? నీ గంజి సంగతి నీకు పన్నెండేళ్లకి తెలిసింది. ఆయనకి మొదటి రోజే తెలుసు."

"తెలిసీ ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు. ఎందుకని నన్నడక్కు. నేను రోజూ ఆయన్నే అడుగుతున్నా." కత్తి కింద పెట్టింది. "నేను ఏడవకపోతే నెమ్మదిగా ఉన్నాననుకున్నావు కదూ? నా మొహం నెమ్మది. రోజూ ఆయనతో పోట్లాడతా నేను. పోట్లాడి పోట్లాడి, అలిసిపోయి, ఆయన మీదే ఒరిగి నిద్రపోతా. ఇంకెవరున్నారే నాకు ఒరగడానికి?"

నేను ఆమె కోసిన చేపలను నీళ్లలో కడిగాను.

"నీ పని నువ్వు చెయ్యి. ఆయన పని నువ్వు చెయ్యమాకు," అంది మళ్లీ కత్తి అందుకుంటూ. "తప్పు తెలిశాక కూడా దాన్ని దాచిపెట్టి, ఆయన చిత్తం అంటే, మన దొంగతనం ఆయన మీదకి తొయ్యడమే. పొయ్యి దగ్గరున్న ఆ చీటీ నేను చూడలేదనుకోమాకు."

ఆ రోజు అత్తయ్య నా చేతి అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. చీటీని పొయ్యిలో వేశాను.

ఎంపికకు 6 రోజులు. ఆదివారం

తేమ: 41, 58, 94.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడింది.

ఆరాధన అయ్యాక లేచి నిలబడి మొత్తం చెప్పాను. లెక్క చదివాను. పళ్లెంలో చీటీలు తిప్పి చూపించాను. పై అంతస్తు పెద్ద ప్రసన్నకుమార్ గారు ముందుగా తేరుకున్నారు.

"దేవుడి చిత్తాన్ని గంజినీళ్లు మారుస్తాయా? మన దేవుడు అంత చిన్న దేవుడా?"

పై అంతస్తు వాళ్లంతా ఆమెన్ అన్నారు. అంత గట్టి ఆమెన్ వాళ్ల నుంచి నేనెప్పుడూ వినలేదు.

కాంతమ్మ లేచింది. "అట్టాగా అండీ. అయితే మీ చీటీలు ఈ ఆరు రోజులూ మా ఇళ్లల్లో ఉంచండి. మావి మీ ఇళ్లల్లో పెట్టుకోండి. గంజినీళ్లు ఏం చేస్తాయిలే!"

ప్రసన్నకుమార్ గారు కూర్చున్నారు. ఆయన దేవుడు ఎంత పెద్దవాడో ఆ క్షణంలో అందరికీ అర్థమైంది.

అప్పుడు అయ్యగారు లేచి తన వేళ్ల సంగతి తనే చెప్పుకున్నారు.  ఇక తాను తీయనన్నారు. చీటీలన్నీ కాల్చేయాలని తీర్మానమైంది. వాటికి బదులు పాత గొట్టాల నుంచి ఊడదీసిన ఇత్తడి నట్లు, అన్నీ ఒకే కొలతవి, మనిషికొకటి. వాటి మీద అంకెలు గీసి, ఎవరి ఇంటికీ పంపకుండా ఒకే పెట్టెలో ఉంచాలి.

జనం లేస్తుంటే కాంతమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. చుట్టూ అందరూ తప్పుకున్నారు.

"ఇద్దరు కొడుకులు, రాణీ," అంది. ముఖం మీద ఉమ్మేసింది. "ఈసారి తీసేది నువ్వే. ఆ చెయ్యే పెట్టు."

సరే అన్నాను. ముఖం తుడుచుకోలేదు.

ఎంపిక రోజు

తేమ: 40, 58, 95. ఇక ఈ అంకెలతో పని లేదు, అలవాటు కొద్దీ రాశాను.

నట్లు ఆరు వందల పన్నెండు, అందరి ముందూ లెక్కపెట్టి బానలో పోశారు. అరచేతులకు బూడిద రాశారు. కళ్లకు గంతలు కట్టారు. ప్రార్థన అత్తయ్య చేసింది, రెండే మాటలు: "నీకు తెలుసు. మాకు తెలీదు."

చెయ్యి పెట్టాను. ఇత్తడి చల్లగా ఉంది, అంతా ఒకేలా ఉంది. ఏదీ నా వేలిని పట్టుకోలేదు. ఒకటి తీసి గంతలు విప్పుకున్నాను.

ఆరు వందల తొమ్మిది.

జాబితా చూడక్కరలేదు. మొన్న ఆ అంకె గీసింది నేనే. సువార్త.

 మొదట కదిలింది కాంతమ్మ. నా పక్కకు వచ్చి, నా చేతిలోని నట్టు చూసి, "లోపలికి వేసెయ్," అంది. "ఇంకోసారి తియ్యి. ఎవరూ కాదనరు. కాదన్నోళ్లతో నేను మాట్లాడతా."

ప్రసన్నకుమార్ గారు కూడా తల దించుకున్నారు. నిజం రాస్తున్నాను, నా చెయ్యి బాన వైపు వెళ్లింది. మోచేతి దాకా లోపల ఉంది. సువార్త వచ్చి మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఇప్పుడు ఇంకోటి వస్తే అది నువ్వు కావాలని తీసినట్టే. ఆ పేరు వచ్చినోళ్లమ్మ కూడా ఇక్కడే ఎక్కడో కూచుని ఉంది."

 నా చెయ్యి బయటికి వచ్చేదాకా వదల్లేదు.

నోరు మూసుకుని ఉంటే నా కూతురు ఇంట్లో ఉండేది. నున్నటి చీటీ బాన అడుగున హాయిగా ఉండేది. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కానీ ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు. దేవుడా, ఈసారి గంజి లేదు. తప్పు వెతుక్కుని తల బాదుకుందామంటే నా చేతులు కూడా శుభ్రంగా ఉన్నాయి. నువ్వూ నేనూ తప్ప మధ్యలో ఇంకేం లేదు. ఇదేనా నువ్వు నాకిచ్చే బహుమానం?



దిగుడు, మొదటి రోజు

తేమ కొలవలేదు.

నూరు పూర్తి చేసి పొద్దున తిమోతి పైకి వచ్చాడు. ఇద్దరు పట్టుకుంటేగాని నడవలేకపోయాడు. అయినా నవ్వాడు. సువార్తకు గీకుడు బద్ద అందించి, ఎడమ గొట్టం దగ్గర కాలు జారుతుంది, చూసుకో అన్నాడు. లీదియ దాని జడ గట్టిగా అల్లి, టోపీలోకి దోపింది. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, దాని చెయ్యే తన తల మీద పెట్టుకున్నారు. అత్తయ్య ముద్దు పెట్టుకుని పక్కకు జరిగింది. నేను చెప్పాలనుకున్న మాటలన్నీ అప్పుడే మర్చిపోయాను. "గోళ్లు కత్తిరించుకున్నావా?" అని అడిగాను. "ఆఁ," అంది. అది దిగాక మూత వేశారు.

బావిలో ఉన్నవాళ్లు రోజూ మధ్యాహ్నం ఒకసారి తీగ లాగాలి. పైన గంట మోగుతుంది. మోగితే బతికున్నట్టు. అంతకు మించి కబురు ఉండదు.

పొద్దుటి నుంచి గంట కిందే కూర్చున్నాను. కాంతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. చాలాసేపటికి, "ఈడ కూచోడం నాకు అలవాటే," అంది.

నెమ్మది కోసం ప్రార్థించే ఓపిక నాలో లేదు. అత్తయ్యలా పోట్లాడదామంటే ఆ శక్తీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను: దాన్ని నీకిచ్చానని అనుకోకు, నేనివ్వలేదు. నువ్వు తీసుకున్నావనీ అనను, ఆ మాటతో ఒకసారి మోసపోయాను. నాకు ఏదీ అర్థం కాలేదు, ఇక అవుతుందన్న ఆశ కూడా లేదు. అది కింద ఉంది. అక్కడికి నేను రాలేను. నువ్వు రాగలవు. దిగు.

అలా అన్నాక లోపల ఏదో పట్టు వదిలింది. సంతోషం కాదు, ఓదార్పు కూడా కాదు. పన్నెండేళ్లుగా ఈ బాన నా చేతుల్లోనే ఉందనుకుని బిగించిన వేళ్లు అవి.

గంట మోగింది. ఒక్కసారే.

కాంతమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది. "రా, అన్నం తిందాం. ఇంకా తొంభై తొమ్మిది ఉన్నాయి."

వెళ్లాను. తిన్నాను.